ఎర్రమంజిల్ వైపు

పంజాగుట్టలో సొంత ఇంట్లో ఉంటూ, విద్యుత్ శాఖలో చేసి రిటైరైన నేను, బొంతా సాలమన్, వయస్సు డెబ్బై ఒకటి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న చివరి వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. మనసు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

1. ఇల్లు నా కొడుకు జెరెమియాకు, కూతురు సెరీనాకు చెరిసగం. డాబా మాత్రం పంచకూడదు. నా తర్వాత రెండు చలికాలాలు దాటేదాకా ఇల్లు బిల్డరుకు ఇవ్వకూడదు. జెరెమియా ఇప్పటికే ఒకడిని తెచ్చి కొలతలు వేయించాడని నాకు తెలుసు.

2. కారణం గులాబీ గోరింకలు. ఏటా చలికి దూరదేశాల నుంచి వచ్చి, సాయంత్రాలు మా సందు చివరి వేపచెట్లలో వాలుతాయి. పెళ్లైన ఏడాది నుంచి చలికాలపు ఆదివారాల్లో నేనూ నా భార్య నవోమీ డాబా మీద వీపుకు వీపు ఆనించి నిలబడి, వచ్చే గుంపులను లెక్కపెట్టేవాళ్లం. అమీర్‌పేట వైపు నాది, ఎర్రమంజిల్ వైపు ఆమెది. 2003లో ఆమె పోయింది. ఆ తర్వాత కూడా నేను నా వైపే చూశాను. తల తిప్పితే సరిపోయేది. తిప్పలేదు. లెక్కల పుస్తకంలో నాది మొదటి గడి, ఆమెది రెండోది; ఆమె గడిలో 'చూడలేదు' అని రాస్తూ వచ్చాను.

3. ఈ వీలునామాను అమలు చేయవలసినవారు పక్షుల సంఘం రామకృష్ణ గారు. మా లెక్కలన్నీ కలిపి ఏ ఏడు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫు గీత ఆయనే గీశారు. 2003 దగ్గర గీత సగానికి పడింది. గోరింకలు తగ్గాయన్నారు. తగ్గాయేమో, నాకు తెలియదు. "రెండో గడిలో సున్నా వేసేద్దామా, సాలమన్ గారూ?" అని అడిగారు. వద్దన్నాను. సున్నా అంటే, చూస్తే లేవని. అక్కడ ఎవరూ చూడలేదు.

4. కనుక ఆ రెండు చలికాలాలూ సెరీనా తల్లి వైపు, జెరెమియా నా వైపు నిలబడి లెక్కపెట్టాలి. తల్లి సమాధి రాయి మీద ఏ వాక్యం చెక్కించాలన్న తగువుతో వాళ్లిద్దరికీ మాటల్లేవు. రాయి ఇంకా ఖాళీగానే ఉంది. వీపులు ఆనించి నిలబడటానికి మాటలు అక్కర్లేదు, ముఖాలూ చూసుకోనక్కర్లేదు.

5. నా స్వెటర్లు ఇస్త్రీ పెంటయ్యకు. "సార్, చలి మస్తుగున్నది, జర టోపీ పెట్టుకోండ్రి" అని ఏటా అరిచేది అతనొక్కడే. అమీర్‌పేట వైపు ఆకాశాన్ని సగం కప్పేసిన కంప్యూటర్ కోచింగ్ బోర్డు యజమానికి ఏమీ లేదు. డాబా మీద మేకుకు వేలాడుతున్న నవోమి శాలువా ఎవరికీ కాదు. అక్కడే ఉండాలి.

6. నవోమి పోయినప్పుడు నేను ఏడవలేదని చర్చిలో చెప్పుకున్నారు. నీకు బాధ లేదా నాన్నా అని సెరీనా నిలదీసింది. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను. సున్నా కాదమ్మా. చూడలేదు.

పంజాగుట్ట, 2007 నవంబరు 18, ఆదివారం

(సంతకం) బొంతా సాలమన్

సాక్షులు:
కమలకుమారి, పక్కింటివారు
రాజనర్సయ్య, రిటైర్డ్ లైన్‌మన్