ఆగకుండా చేసిన ఏసీ

మంగళవారం, రాత్రి

ఫిల్మ్ నగర్‌లో షూటింగ్ దగ్గరికి మా ఆయనకు అన్నం తీసుకెళ్ళాను. ఆయన ఒక సినిమా నటి కారు డ్రైవరు. షాట్ ముగించుకుని మేడమ్ వచ్చేసరికి కారు చల్లగా ఉండాలి, అందుకని ఆయన ఇంజిన్ ఆపడు. టర్బో బండికి వేడి ఎక్కువ. మొన్నటిదాకా ఇంజిన్ బాగా కాగితే ఏసీ దానంతటదే ఆగిపోయేది. మేడమ్ విసుక్కున్నారని, కృష్ణానగర్ మెకానిక్‌తో ఏదో వైరు కలిపించి ఇక ఆగకుండా చేయించాడు.

ఇవాళ పక్కన కూర్చోగానే బానెట్ వైపు నుంచి తియ్యటి వాసన వచ్చింది; ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కారితే అట్లా వస్తుందని ఆయనే ఒకసారి చెప్పాడు. వేడి చూపించే ముల్లు ఎర్రగీతను తాకుతోంది.

"బండి కాగిందనే గదా ఏసీ ఆగుతుండె. ఇప్పుడు బండి ఎట్ల సల్లబడ్తది?" అన్నాను.

"నాలుగో తరగతి ఇంజనీరు వచ్చింది!" అని నవ్వాడు. "ఏసీ ఆగితే నా నౌకరి పోతది. జర అన్నం తిననియ్యి."

అంతలో మేడమ్ వచ్చారు. నేను దిగిపోయాను.

"ఇప్పుడు బాగుంది. రేపు శ్రీశైలం ఘాట్‌లో మా పాపకు ఉక్కపోయదు" అన్నారు మేడమ్ కారెక్కుతూ.

ఆయన నావైపు గెలిచినట్టు చూశాడు.

ఆ పాపకు ఇంకా మాటలు సరిగ్గా రావు. ఘాట్‌లో ఎక్కుడు రోడ్డు, ఇంజిన్ ఇంకా కాగుతుంది; బండి ఆగినా, అంటుకున్నా పక్కన అడవే. చెబితే ఆయన నౌకరి పోతుంది, మళ్ళీ నా ముఖం చూడడేమో. చెప్పకపోతే...

ఆయన పడుకున్నాడు. ఆయన ఫోను ఒళ్ళో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మేడమ్ నంబరు దొరికింది. నమస్తే అన్నాక ఏమనాలో తెలియట్లేదు.