ఆలస్యంగా కదిలిన పడవ

చర్ మోతాలెబ్
1986 ఏప్రిల్ 6, ఆదివారం

అబ్బాకి మీ మొమెనా సలాములు.

శుక్రవారం మీరు వచ్చి, మైనాకి మూడు సీసాల సెలైన్ ఎక్కించి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా పడవెక్కి వెళ్లిపోయారు. ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. పిల్ల బతికింది. నిన్న మెత్తగా వండిన అన్నంలో అరటికాయ కలిపి పెడితే తిన్నది. ఇవాళ మేక వెనక పరుగెత్తి వాళ్లమ్మ చేత తిట్లు తిన్నది. ఇది మీకు ముందు తెలియాలని మొదటే రాశాను. ఇక రాయబోయేది చదివాక మీరు నన్ను ఏమనుకున్నా సరే, రాయకుండా ఉండలేను.

మీకు కబురు ఆలస్యంగా అందింది. ఏటి పోటు వల్ల ఆలస్యమైందని పడవ నడిపే తోరాబ్ మాఝీ మీతో చెప్పాడట. అతను మైనాకి మేనమామ. పాపం, నా పరువు కోసం అబద్ధమాడాడు. పోటుకీ ఆలస్యానికీ సంబంధం లేదు. ఆలస్యం నా వల్ల జరిగింది.

శుక్రవారం పొద్దున నేను ఏడు గంటలకి వాళ్ల ఇంటికి వెళ్లాను. ముందురోజు సాయంత్రం నుంచి పిల్లకి విరోచనాలు, బియ్యం కడిగిన కడుగులా. వాళ్లమ్మ సఖినా నేను నేర్పిన ప్రకారమే అరసేరు నీళ్లలో మూడు వేళ్లకి వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం కలిపి పడుతోంది. నానమ్మ మాత్రం గుమ్మంలో కూర్చుని ఒకటే గొణుగుడు. "పోసేకొద్దీ పోతూనే ఉంది గదే ఆపా. చిల్లికుండలో పోస్తన్నట్టుంది. పొయ్యడం మానేస్తే అదే కట్టుకుంటది." నేను నవ్వి, "చిల్లి పూడేదాకా పోస్తూనే ఉందాం చాచీ. మానేస్తే కుండ ఎండిపోతుంది," అన్నాను. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో నిదానంగా పట్టమన్నాను. అంతవరకూ నేను చేసింది సరైనదే.

ఎనిమిదింటికి పిల్ల చెంచా అందుకోవడం మానేసింది. పెదవుల దగ్గర పెడితే నీళ్లు చెంప మీదుగా కారిపోయాయి. పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే ముడత అలాగే నిలబడి, ఎప్పటికో సర్దుకుంది. కళ్లు లోతుకి పోయాయి, సగం మూతపడ్డాయి. రాత్రి నుంచి ఒంటేలు లేదు. మణికట్టు పట్టుకుంటే నాడి అందీ అందకుండా ఉంది. ఇది ఆఫీసు తరఫున ఇంటింటికీ తిరిగి నేను నాలుగు వందల ఇళ్లలో చెప్పిన పాఠమే. దాహమని గిన్నె లాక్కుని తాగే పిల్లకి నోటితో పోస్తే చాలు. గిన్నె చూసి కూడా కదలని పిల్లకి నోటి దారి సరిపోదు, నరంలోంచే ఎక్కించాలి. మా లంక నుంచి పెద్దాసుపత్రి పడవలో మూడు గంటల దూరం. నలుఖాలి బజారు ఒక గంట.

సఖినా అడిగింది. "ఆపా, బజార్లో ఇద్రిస్ డాక్టరంట, సీసా ఎక్కిస్తాడంట. మా అన్నని పంపనా?"

ఆ డాక్టరు మీరేనని, మీరు నాకు నాన్నని ఆమెకి తెలియదు. నేను "ఇంకాస్త చూద్దాం," అన్నాను.

రెండేళ్ల కిందట మీ దుకాణంలో అందరి ముందూ "ఈ పిల్లాడికి సీసా దేనికి అబ్బా, కూర్చుని నీళ్లడుగుతున్నాడు కదా" అన్నాను. మీరు నన్ను బయటికి పొమ్మన్నారు. శుక్రవారం ఆ గంటసేపూ నా కళ్ల ముందు మైనా లేదు. పడవ దిగి వచ్చి, "ఏమైంది నీ బెల్లంనీళ్లు?" అని మీరడిగే దృశ్యమే ఉంది. తొమ్మిదింటికి పిల్ల చేతులు చల్లబడ్డాయి. అప్పుడు పంపాను తోరాబ్‌ని.

మా ఆఫీసుకి రాసిన కాగితంలోనూ ఈ గంట సంగతి రాశాను. ఉద్యోగం ఉంచుతారో తీసేస్తారో తెలియదు. సఖినాకీ చెప్పాను. ఆమె "ఇంకెప్పుడూ అలా చెయ్యకాపా," అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మకి నా సలాములు చెప్పండి.

మీ కూతురు
మొమెనా


నలుఖాలి బజారు
ఏప్రిల్ 10, గురువారం

అమ్మా మొమెనా,

నీ ఉత్తరం మీ అమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను. నా కళ్లద్దాలు బాగానే ఉన్నాయి. అయినా చదివించుకున్నాను.

తోరాబ్ పదింటికి నా దుకాణం ముందు నిలబడ్డాడు. అప్పుడు నేను మంగలి ముందు కూర్చుని ఉన్నాను. ఒక చెంప అయింది, ఇంకో చెంపకి సబ్బు రాసి ఉంది. "ఎవరు పంపారు?" అన్నాను. "మొమెనా ఆపా," అన్నాడు. తెలిసి కూడా "ఏ మొమెనా?" అన్నాను. "ఉప్పూ బెల్లం ఆపా," అన్నాడు. "ఓహో, ఆవిడకి కూడా సీసా కావాల్సొచ్చిందా!" అన్నాను. మంగలి నవ్వాడు. ఆ నవ్వు నాకు హాయిగా ఉంది. రెండో చెంప కూడా తీరిగ్గా గీయించుకున్నాను. ఆ తరవాత టీ తెప్పించుకున్నాను. "డాక్టర్ సాబ్, పిల్ల కళ్లు తెరవడంలా," అని తోరాబ్ రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. ఏడ్చాడు. అప్పుడు లేచాను. అరగంట పైమాటే అయి ఉంటుంది. ఈలోగా పోటు తిరిగింది, ఎదురు నీటిలో పడవ ఇంకా ఆలస్యమైంది. కాబట్టి తోరాబ్ పూర్తిగా అబద్ధమాడలేదు.

నీతో ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు తెలిసిందా? నా ముఖాన అప్పటికింకా సబ్బు వాసన ఉంది. నువ్వు దగ్గరికొస్తే కనిపెడతావని భయపడ్డాను.

నువ్వొక గంట, నేనొక అరగంట. ఆ గంటన్నర నీదీ కాదు, నాదీ కాదు, ఆ పిల్లది.

చేతుల్లో నరం దొరకలేదు. చీలమండ దగ్గర దొరికింది, అదీ మూడో పోటుకి. ముప్పై ఏళ్లుగా సూది పడుతున్నాను. మొదటి సీసా ధారగా వదిలాను. మూడోది సగంలో ఉండగా పిల్ల నాలుకతో పెదవులు తడుముకుంది. నువ్వు వెంటనే చెంచా పట్టావు. నేనైతే నాలుగో సీసా కోసం సంచి వెతికేవాణ్ణి. సంచిలో నాలుగోది లేదు. ముందువారం బట్టల వ్యాపారి కొడుక్కి రెండు ఎక్కించాను. వాడు మంచం మీద బాసింపట్టు వేసుకుని చెరుకు నములుతూ ఎక్కించుకున్నాడు. ఆ పిల్ల దగ్గర కూర్చున్నంతసేపూ నాకు చెరుకు నమిలే చప్పుడే వినపడింది.

రేపటి నుంచి మారిపోతానని రాయను. ఇక్కడి జనానికి సీసా వేలాడితేనే వైద్యం. వద్దంటే పక్క దుకాణానికి పోతారు, వాడికి సూది ఎటు పట్టుకోవాలో కూడా తెలియదు. కానీ ఆరు సీసాలు వేరుగా పెట్టెలో పెట్టాను, తాగలేనివాళ్ల కోసం. తాళంచెవి మీ అమ్మకిచ్చాను. నా దగ్గర ఉంటే నిలవదు.

ఇకమీదట ఏ గుర్తులు చూసి పంపుతున్నావో కాగితం మీద రాసి పంపు. పడవలోనే లెక్క చూసుకుంటాను.

ఇద్రిస్ అలీ


చర్ మోతాలెబ్
ఏప్రిల్ 20, ఆదివారం

అబ్బాకి సలాములు.

నిన్న నా చీటీ చూసి మీరు వచ్చి సీసా ఎక్కించి వెళ్లాక కల్సుమ్ పూర్తిగా తేరుకుంది. ఈ పొద్దున తనే లేచి కూర్చుని, ఎండుచేప వాసనొస్తోంది, కొంచెం పెట్టమని గొడవ చేసింది. మధ్యాహ్నం నా చెయ్యి లాగి తన కడుపు మీద పెట్టుకుంది. బిడ్డ తన్నుతోంది. ఏడో నెల కదా, మీరు అడగలేక అడగలేక అడిగారు కాబట్టి ముందు అదే రాస్తున్నాను.

విరోచనాల సంగతి ఒక రాత్రంతా ఎందుకు దాచావని అడిగాను. "ఇంట్లో మామగారు, ఇద్దరు బావలు. ఎన్నిసార్లని చెంబు పట్టుకుని వాళ్ల ముందు నుంచి పోను ఆపా? తాగితే మళ్లీ పోవాలి. అందుకే తాగలేదు," అంది. చిన్నపిల్లల కళ్లూ, నాలుకలూ చూడ్డమే నాకు నేర్పారు. సిగ్గుతో దాహం చంపుకునే కోడళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఇకనుంచి ప్రతి ఇంట్లోనూ కోడలిని పక్కకి పిలిచి విడిగా అడుగుతాను. ఇంటి వెనక తడిక కట్టించమని ఆమె అత్తగారికి చెప్పాను. "కోడలి కోసం తడికా!" అని మూతి తిప్పింది. అయినా సాయంత్రానికి వెదురు తెప్పించింది.

నేను పంపిన చీటీ బాగుందన్నారు. నాడి సంగతి మొదట రాయాలి, మిగతావి తరవాత, అన్నారు. అలాగే రాస్తాను. ఆఫీసువాళ్లు నన్ను ఉంచారు. కాకపోతే మూడు నెలలు నా వెంట ఒక పెద్దావిడ తిరుగుతుంది, నేను చేసేది చూడ్డానికి. మంచిదే.

నిన్న పడవెక్కుతూ మీరడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. "మంగళవారం సంతరోజు మా దుకాణం ముందు నువ్వే నిలబడి ఉప్పూ బెల్లం నీళ్ల సంగతి చెప్పు, నేను చెబితే డాక్టరుకి మతి పోయిందంటారు," అన్నారు. వస్తాను అబ్బా. ఉప్పు నేను తెస్తాను. నల్లబెల్లం చాలు, మీరు తెప్పించండి. పెద్ద కుండ ఒకటి కావాలి.

కానీ ఒక మాట ముందే చెబుతున్నాను. సీసా కోసం వచ్చినవాళ్లలో తాగగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే, మీ ముందే వద్దంటాను. జనం చూస్తారు, మంగలి నవ్వుతాడు. మీకు కోపం వస్తుంది. వస్తే అరవండి, నేనూ అరుస్తాను. సంత ముగిశాక ఇద్దరం కలిసి ఇంటికి నడిచి వెళ్లి అమ్మ వండింది తిందాం. నేను వస్తున్నానని ఆమెకి ఇవాళే చెప్పండి.

మీ
మొమెనా