నూగు అని రాస్తే పెళ్ళి అని చదివారు

ఉలాన్‌బాతర్ నుంచి

నాన్నకి,

వసంతపు గాలులు తగ్గాయా? మేకలు సుఖంగా ఈనుతున్నాయా? ఇక్కడ పొగ తప్ప అంతా క్షేమం.

ముందు నా కోపం సంగతి. జీపు నడిపే దొర్లిగ్ చెప్పాడు. మేకల కంపు పడక పట్నం పారిపోయిన పిల్లనని నువ్వు లోయంతా చాటుతున్నావట. పోయినేడేమో మొగుణ్ణి వెతుక్కోడానికి వెళ్ళానన్నావు. కాలేజీలో నేను చదివింది నూగు గురించి నాన్నా! మేక ముతక బొచ్చు కింద పెరిగే మెత్తటి నూగు, ప్రతి వసంతంలో నువ్వు మేకని మోకాలితో నొక్కిపట్టి దువ్వి తీసేదే. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నదీ ఆ నూగు వడికే చిన్న మిల్లులోనే. మనింట్లో ఒక్కరూ నమ్మరు.

ఇక పని మాట. ఈసారి నూగు పురెవ్ లారీకి వెయ్యొద్దు. తెల్లదీ గోధుమదీ ఒకే గోతంలో కుక్కి, చవకరకం ధర కట్టి, ఆ డబ్బుకి బదులు కూడా పిండీ, గడువు తీరిన బిస్కెట్లూ అంటగడతాడు. అతని త్రాసు అబద్ధమాడుతుందని నువ్వు మూటలో ఇసుక పోస్తావు. నువ్వు ఇసుక పోస్తావని అతను త్రాసు ఇంకాస్త వంచుతాడు. ఇద్దరూ కలిసి మన మేకల పరువు తీస్తున్నారు. రంగు రంగు వేరుచేసి శుభ్రంగా ఇస్తే మా మిల్లు నేరుగా కొంటుంది. చూసి మాట్లాడ్డానికి గల్సన్ అనే అతను వస్తాడు, తోడుగా ఒక పెద్దాయన. మర్యాదగా చూడండి.

నీ కూతురు,
నన్సల్మా

తా.క. గల్సన్ పట్నంలో పుట్టి పెరిగాడు. మేకకి ముందు ఎటో వెనక ఎటో చూపించాల్సి రావచ్చు.

*

నల్లకొండ వసంతపు విడిది నుంచి

చిట్టితల్లికి,

గాలులు తగ్గాయి. కుంటిమేక కవలల్ని ఈనింది. మీ అమ్మ పొద్దుటినుంచీ అరుస్తూనే ఉంది. అంటే అందరం కులాసా.

నీ ఉత్తరం చదివి నిజంగా నూగు సంగతే అనుకున్నాను సుమా. వాళ్ళు వచ్చాక గాని నాకు తెలివి రాలేదు. "కుక్కని పట్టుకోండోయ్" అని దూరం నుంచే పద్ధతిగా కేకేశారు. పెద్దాయన కొత్త పట్టు దేల్ అంగీ తొడుక్కుని, నడుముకి పసుపు దట్టీ కట్టుకున్నాడు. నశ్యం బుడ్లు మార్చుకున్నాం. టీ తాగుతూ గడ్డి గురించీ గాలి గురించీ వాళ్ళ తాతగారి గుర్రం గురించీ మాట్లాడాడు గాని, వచ్చిన పని ఎత్తితే ఒట్టు. కుర్రాడు చెవులు ఎర్రబడి నేలచూపులు చూస్తున్నాడు. అప్పుడు పెద్దాయన లేచి, రెండు చేతుల మీదా నీలి పట్టు ఖదగ్ కండువా పరిచి నా ముందు పట్టాడు.

పిల్లనడగడానికి కాకపోతే అంత తతంగం ఎందుకే? మీ అమ్మ వంక చూశాను. అప్పటికే కళ్ళొత్తుకుంటోంది. ఖదగ్ అందుకున్నాను. అందుకుంటే మాట ఇచ్చినట్టే కదా.

తర్వాత ఆయన తన దేల్ పొడుగు చేతిని నా చేతికి ఆనించి, లోపల నా వేళ్ళు పట్టుకున్నాడు, అచ్చం గుర్రాల సంతలోలాగే. నోట మాట లేదు, నొక్కుళ్ళే. ఆయన ఐదన్నాడు. నేను ఎనిమిదన్నాను. ఏడు దగ్గర తెగింది. ఏడు గుర్రాలే తల్లీ, నీకు ఓలి! పిల్ల విషయంలో సంతబేరమేమిటా అని నాకూ అనిపించింది. పట్నం వాళ్ళ పద్ధతి కాబోలు.

అయినా ఏ ఆడపిల్ల తండ్రికి పెళ్ళి మాట సూటిగా రాస్తుంది? నూగు అని రాశావు. మేం అర్థం చేసుకున్నాం.

దీవెనలతో,
నాన్న చొయ్‌జిల్

తా.క. నేను అమ్మని. కుర్రాడు బక్కపలచగా ఉన్నాడు గాని, పెట్టిన ఎండు పెరుగు గడ్డలన్నీ కరకరా నమిలాడు. పళ్ళు గట్టివి. తెల్లమేక బొచ్చు పట్టుకుని "ఇది ఎంత పొడుగుంటుందండీ?" అని అడిగాడు. సిగ్గు పడేవాడు ఏదో ఒకటి మాట్లాడాలిగా, పాపం. మేకే అర్థం చేసుకోలేదు, తన్నింది.

*

ఉలాన్‌బాతర్ నుంచి

నాన్నకి, అమ్మకి,

మీ క్షేమం తెలిసింది. నాదే పోయింది.

పెళ్ళి కాదు! ఆ ఖదగ్ గల్సన్ వాళ్ళమ్మ పెట్టెలోంచి తీసి ఇచ్చింది, ఎడారి పెద్దల దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదని. ఆ పెద్దాయన మా యజమాని తండ్రి. ఏడంటే గుర్రాలు కాదు నాన్నా, వేలికి పదివేల లెక్కన కిలో తెల్ల నూగుకి డెబ్బై వేల తుగ్రిక్‌లు! పురెవ్ జన్మలో ఇవ్వని ధర. గల్సన్ చెవులు ఎర్రబడింది మీరు పొయ్యి పక్కన కూర్చోబెట్టినందుకు.

నూగు ఇంకెవరికీ ఇవ్వకండి. "ఈ మేకలవాళ్ళు ఒకరికి మాటిచ్చి ఇంకొకరి లారీకెత్తుతారు" అని యజమాని ముందే అన్నాడు. మా నాన్న అలాంటివాడు కాడని నేను పూచీ పడ్డాను. ఈ ఏడాది మాట తప్పితే మా మిల్లు మళ్ళీ మన లోయ మొహం చూడదు. అందరూ బతుకంతా పురెవ్ బిస్కెట్లే తినాలి.

మీ నన్సల్మా

తా.క. బొచ్చు ఎంత పొడుగో అడగడమే అతని ఉద్యోగం.

*

నల్లకొండ నుంచి

పెళ్ళికూతురికి,

మేకలు కులాసా, మేమూ కులాసా, నీ ఉత్తరం చదివి కడుపుబ్బ నవ్వాం.

"పెళ్ళి కాదు" అని కింద రెండు గీతలు కొట్టావు. మా నాన్న ఖదగ్ తీసుకెళ్ళినప్పుడు మీ అమ్మ గుర్రమెక్కి కొండ అవతలికే పోయింది. తర్వాత నలుగుర్ని కన్నాం. మంచి కుటుంబాల ఆడపిల్లలు మొదట అలాగే అంటారు, తప్పులేదు.

పంచాంగం చూసి, వచ్చే పులి రోజు పెళ్ళికి మంచిదని లామా చెప్పాడు. లోయలో అందర్నీ పిలిచాం. ఇరుగుపొరుగు వచ్చి ఉన్ని తడిపి, చుట్టి, గుర్రాలతో దొర్లించి మీ కొత్త గుడారానికి మందపు కంబళ్ళు చేస్తున్నారు. విందుకి పిండీ బియ్యమూ వోడ్కా ఆ పొద్దున్నే దించుతానన్నాడు పురెవ్. అదే లారీలో నూగు ఎత్తుకుపోతాడు. శుభకార్యం కదా, ఈసారి మూటకో బిస్కెట్ల డబ్బా ఎక్కువ. నేనూ ఇసుక పొయ్యలేదు.

మీ మిల్లుకి ఇవ్వమంటావా? కాబోయే వియ్యాలవారి దగ్గర నూగుకి ధర పుచ్చుకుంటే లోయలో తలెత్తుకు తిరుగుతామా? నీకు చదువుంది గాని లోకం తెలీదు.

దీవెనలతో,
నాన్న

తా.క. అమ్మని. ఆకుపచ్చ పట్టు కొన్నాను, దేల్ కుట్టాలి. నడుము కొలత పంపు. నిజం కొలత పంపు. పట్నంలో నువ్వేం తింటున్నావో దొర్లిగ్ చెప్పాడు.

*

ఉలాన్‌బాతర్ నుంచి

నాన్నకి, అమ్మకి,

కొత్త గడ్డి మొలిచే లోపల ఈ ఉత్తరం మీకు చేరాలి. అందుకే దొర్లిగ్‌ని టీ కూడా తాగనివ్వకుండా తరుముతున్నాను.

పెళ్ళి లేదని ఇంక రాయను. రాసినకొద్దీ మీ ముహూర్తం దగ్గరపడుతోంది. పిలుపులు వెనక్కి తీసుకోకండి, అందర్నీ రానివ్వండి. దారి పొడుగునా గుడారం గుడారానికీ దొర్లిగ్ చేత కబురు పంపుతున్నాను. కానుకలు వద్దు, ఎవరి నూగు వాళ్ళు తెచ్చుకోండి, తెల్లది వేరు, గోధుమది వేరు, ఇసుక ఎడారిలోనే వదిలెయ్యండి అని. పులి రోజు తెల్లవారేసరికి మా మిల్లు లారీ నల్లకొండ కింద ఉంటుంది. పురెవ్ కంటే ముందు.

ఏడు వేళ్ళ ధర లోయంతటికీ. యజమాని గింజుకున్నాడు. "ఖదగ్ మీద నేనిచ్చిన మాట నువ్వు దిద్దుతావురా?" అని ముసలాయన ఒక్క అరుపు అరిచేసరికి కూర్చున్నాడు. వియ్యాలవారి దగ్గర ధర పుచ్చుకోకూడదన్నావు. వాళ్ళు వియ్యాలవారు కారు. పుచ్చుకో.

పురెవ్‌నీ రానివ్వండి. వచ్చినవాళ్ళకి భోజనం పెట్టాలిగా. అతని పిండి డబ్బిచ్చి కొనండి, నూగిచ్చి కాదు. బిస్కెట్ల మీద తారీఖు చూడండి.

ఇంకొకటి. లోయలోనే ఉండి, నూగు వేరుచేయించి, తూచి కొనడానికి మిల్లుకి ఒక మనిషి కావాలి. గల్సన్‌ని పంపుతామన్నారు. మేక తన్నిన చోటు చూపించి సెలవడిగాడు. ఆ ఉద్యోగం నాకిమ్మని అడిగాను, ఇచ్చారు. లారీలో నేనూ వస్తున్నాను. మీరు చేయిస్తున్న గుడారంలో ఉంటాను, ఒక్కదాన్నే. మన మూట కూడా అందరి మూటల్లాగే తూస్తాను.

మీ నన్సల్మా

తా.క. ఈ గొడవలో పాపం అతని పరువు పోయిందేమోనని గల్సన్‌ని అడిగాను. అతనికి ఈ పెళ్ళికి అభ్యంతరం లేదట. నాకుంది. చేసుకోను.