అగ్గి అడిగే మనిషి

మహబూబాబాద్ (మానుకోట),
23 ఫిబ్రవరి 2025, ఆదివారం.

పోచన్నకు, భూపాలపల్లి కరుణాకర్ రెండు చేతులెత్తి పెడుతున్న నమస్కారాలు. గట్టమ్మ వదినకు కూడా. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న మనిషికి కూడా నమస్కారం. నా అక్షరాలు ఈ మధ్య వంకర పోతున్నాయి, జర ఓపికగా చదవాలి. మేమంతా క్షేమమని రాయాలి గానీ, మేమంతా అనడానికి ఇంట్లో నేనొక్కణ్ణే. నేను క్షేమం. మీరిద్దరూ క్షేమమని నిన్ననే విన్నాను.

ఇరవై ఆరేళ్ల తర్వాత వీడికి ఇప్పుడు గుర్తొచ్చానా అంటావు. అను. నేను మాత్రం నిన్ను వెతకడానికి బయలుదేరలేదు. మంచి చుట్ట, కల్తీ లేని కల్లు ఎక్కడ దొరుకుతాయో చూద్దామని మూడు జిల్లాలు తిరుగుతున్నాను. బస్సులో పక్కనోళ్లకు ఇదే చెప్పాను. నా బిడ్డ సుమకూ ఇదే చెప్పాను. నీకూ ముందు ఇదే చెబుతున్నాను.

ముందు ఇంటి సంగతులు. బొగ్గుబాయి నౌకరి నుంచి దిగిపోయి ఏడాదయింది. మా ఇంటిది భాగ్య పోయి రెండేళ్లు. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకపోతే గొంతు బొంగురుపోతుందని నాకిప్పుడే తెలిసింది. కూరగాయలామెతో బేరమాడేది కూడా గొంతు సాఫు చేసుకోవడానికే. ఆమెకు ఆ సంగతి తెలిసిపోయినట్టుంది, అడిగిన దానికల్లా ఒప్పుకొని తొందరగా పంపించేస్తుంది. అది నాకు ఇంకా నష్టం.

సుమ హైదరాబాదులో ఉంటుంది. అప్పుడు కడుపులో ఉన్న పిల్ల, ఇప్పుడు దానికి పెళ్లయింది. నాన్న ఒక్కడే కుమిలిపోతున్నాడని సంక్రాంతి దాటాక తీసుకుపోయి పది రోజులు ఉంచుకుంది. అల్లుడు మంచివాడు. మామకు చుట్టలంటే ప్రాణమని ఎవరో చెప్పారేమో, ఒకనాటి సాయంత్రం పబ్బుకు తీసుకుపోయాడు. పాత ఇంగ్లండులో సారా దుకాణాలు ఎట్లా ఉండేవో అచ్చం అట్లాగే కట్టారట. నల్ల చెక్క బల్లలు, గోడల నిండా ఎవరో తెల్లవాళ్ల ఫోటోలు. ఇంతా చేసి పాట పెడితే బాయిలో రాళ్లు కూలిన చప్పుడు. అల్లుడు నా చెవిలో నోరు పెట్టి అరుస్తున్నాడు, నేను తల ఊపుతున్నాను.

ఆ పక్కనే చుట్టలు తాగడానికి ఒక అద్దాల గది. అక్కడ చుట్టల్ని చెక్కపెట్టెలో వరసగా పడుకోబెట్టి, వాటికి చెమ్మ తగ్గకుండా ఒక యంత్రం పెట్టారు. మన చుట్టకు సూటు తొడిగి పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టుంది. తెల్ల చొక్కా వేసుకున్న మనిషి వచ్చి దాని కొస కత్తిరించి, వంగి, మంట పట్టుకున్నాడు. పొగ బాగుంది, అబద్ధం చెప్పను. కానీ రెండు దమ్ములు పీల్చి నేను పక్కకు తిరిగి చేయి చాపి ఉంచాను. అల్లుడు ఏం కావాలి మామయ్యా అన్నాడు. ఏం లేదన్నాను. నా చేయి నీకు అగ్గి ఇవ్వడానికి చాపుకొని ఉంది.

నీతో పన్నెండేళ్లు పని చేశాను గదా, చేతికి అలవాటు పోలేదు. నీ నడుముకు పొగాకు తిత్తి ఉండేది, మోదుగాకులు ఉండేవి, చుట్ట చుట్టే ఒడుపు ఉండేది. అగ్గిపెట్టె మాత్రం ఉండేది కాదు. బాయిలోంచి పైకి రాగానే “కరుణాకరూ, అగ్గియ్యిరా” అనేవాడివి. అర్ధ రూపాయి పెట్టి కొనుక్కోరాదా అని వెక్కిరిస్తే, “కొనుక్కుంటె నా దగ్గర్కి ఎవడస్తడ్రా, నేనెవని దగ్గర్కి పోత” అన్నావు. అప్పుడు నువ్వు పిసినారివని నవ్వాను. ఇప్పుడు నా జేబులో ఎప్పుడూ నిండు అగ్గిపెట్టె ఉంటుంది, అడిగేవాడే లేడు.

అందుకే తిరిగి వచ్చాక ఇంట్లో కాలు నిలవలేదు. ముందు జనగామలో దిగాను. స్టేషన్ అవతల ఒక కల్లు కాంపౌండులో కూర్చున్నాను. సిమెంటు బెంచీ, చేతిలో సీసా. సీసా కల్లుకు ఎవరితోనూ పని లేదు పోచన్నా, ఎవడిది వాడు ఎత్తుకొని తాగడమే. గంటసేపు కూర్చున్నా ఏ ఊరు నీది అని అడిగినవాడు లేడు. ఉడకబెట్టిన శనగ గుడాల పొట్లం విప్పి పక్కాయనకు చాపితే, వద్దని ఫోను చూసుకున్నాడు. అక్కడినుంచి చల్లటి గదుల బారుకు పోయాను. చుట్ట తీయగానే పనివాడు పరుగెత్తుకొచ్చి, “లోపట తాగద్దు పెద్దాయినా, బయటికి పోవాలె” అన్నాడు. బయట మోటారు సైకిళ్ల మధ్య నిలబడి తాగాను. అగ్గి నేనే గీసుకున్నాను, నేనే ఆర్పుకున్నాను.

మర్నాడు పాలకుర్తి పోయాను. పాలకుర్తి దగ్గర మీ ఊరు గదా అని ఎవరన్నా అంటారేమో, పొగాకు కోసమే పోయాను. సరే, నీ ఇంటి ముందు నుంచి కూడా పోయాను. అందులో వేరేవాళ్లున్నారు. ఎప్పుడో అమ్ముకొని మానుకోట దిక్కు మామిడితోటల కావలికి పోయారని చెప్పారు. అంతకుమించి వాళ్లకు తెలియదు. మళ్లీ పాలకుర్తి వచ్చి, చౌరస్తాలో పొగాకు అమ్మే అబ్దుల్ గనీ సాబ్ దుకాణం మెట్టు మీద కూర్చున్నాను.

గనీ సాబ్ మంచి మనిషి. కాడ పొగాకు వాసన చూపించి, ఏది గొంతు పట్టదో, ఏది పడుతుందో అరగంట చెప్పాడు. నా గురించి కూడా అడిగాడు. ఆ రోజు నన్నెవరో అడిగారన్న సంతోషానికి అవసరం లేకపోయినా రెండు కట్టలు కొన్నాను. అప్పుడు అడిగాను, పోచయ్య అని, బాయిలో పనిచేసినాయన, ఇటు వస్తాడా అని. ఆయన నవ్వాడు. “పోచయ్యన్ననా? నెలకోసారి వస్తడు సాబ్. పొగాకు కొంటడు, అగ్గిపెట్టె కొనడు. నేనే ఒకసారి ముఫ్త్‌ల చేతిల పెట్టిన. పాముపిల్లను పెట్టినట్టు కింద పడేసిండు” అన్నాడు.

పోచన్నా, ఇదివరకు నువ్వు అగ్గిపెట్టె వద్దంటే అందులో సరదా ఉండేది.

నర్సింహులపేట దగ్గర రాజయ్య అనే గౌడు కల్లు గీస్తాడని, నువ్వు అక్కడికి పోతావని గనీ సాబే చెప్పాడు. దంతాలపల్లి దాకా ఆటోలో, అక్కడినుంచి బస్సులో నిన్న పొద్దెక్కేసరికి పోయాను. నేను ఇన్ని రోజులుగా వెతుకుతున్న చోటు అదే. చేల మధ్య పది పదిహేను తాటిచెట్లు, కింద చదును చేసిన నేల, రెండు కల్లు లొట్లు. బోర్డు లేదు, బల్ల లేదు. అప్పుడే దించిన కల్లు. రాజయ్య తాటాకు మడిచి రేక చేసి నా చేతిలో పెట్టాడు. అలవాటు కొద్దీ రెండు చేయమన్నాను. రెండోది ఎవరికి అన్నాడు. నేల తల్లికి కొంచెం సాక పోయమన్నాను.

రేకను రెండు చేతులా పట్టుకోవాలి గదా. లొట్టి వంచి పోసేవాడు ఒకడు కావాల్సిందే. వెనకట నువ్వు పోస్తే నేను, నేను పోస్తే నువ్వు. చాలు అనాలంటే రేక కిందికి దించాలి, నువ్వేమో దించేవాడివి కాదు. రాజయ్య నాకు పోస్తుంటే రెండు గుక్కలకే రేక దించేశాను. కల్లు తియ్యగా ఉంది, అందులో దోషం లేదు.

అప్పుడు ఇక దాచలేక నీ పేరు చెప్పి అడిగాను. నువ్వు ప్రతి ఐతారం వదినను వెంటబెట్టుకొని వస్తావట. ఈ వారం మాత్రం తోటకు మందు కొడుతున్నారని రానని చెప్పావట. బాయి నౌకరి ఎట్లా పోయిందని ఎవరన్నా అడిగితే, “సద్ది సంచిల అగ్గిపెట్టె మర్శిపోయిన, తలాషీల దొరికింది, నా తప్పే” అంటావట. వదిన అందుకుంటుందట. “నేను కుట్టిన సంచిల అగ్గి వెట్టుకోని బాయి దిగవొయ్యిండు. అంతమంది పాణాలు తీస్తుండె. గిసొంటోన్ని కట్టుకున్న” అని అందరి ముందూ అంటుందట. అందరూ నవ్వుతారట. నువ్వూ నవ్వుతావట.

నీ ఇల్లెక్కడో చెప్పమని రాజయ్యను బతిమాలాను. చెప్పలేదు. “ఎవలో ఏందో నాకు ఎర్కలే. ఆయినె రమ్మంటె తోల్కపోత. చిట్టి రాసియ్యి, ఐతారం సదివి ఇనిపిస్త” అన్నాడు. నువ్వు రమ్మంటావా లేదా అన్నది నాకు తెలియదు. ఇప్పుడు నాకు తెలియాల్సింది అదొక్కటే. అందుకే మానుకోట వచ్చి, లాడ్జిలో గది తీసుకొని, పొద్దటినుంచి ఈ కాగితాలు ముందేసుకొని కూర్చున్నాను. నీ సెలవు చీటీలు, వదిన పుట్టింటికి నీ ఉత్తరాలు అన్నీ నా చేతే రాయించేవాడివి. నువ్వు చెప్పకుండా, నీకే రాయడం ఇదే మొదలు. కష్టంగా ఉంది.

నాకు వేరే ఆశ లేదు. ఒక్క ఐతారం ఆ తాళ్ల కింద నీ పక్కన కూర్చోవాలి. నువ్వు రేక పట్టాలి, నేను పోయాలి. మంచి కల్లు ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నాను గానీ, ఒక్కణ్ణి తాగడం నాకు చేతకావడం లేదు.

వదినను అడిగానని చెప్పు. మీ జవాబు కోసం చూస్తుంటాను.

నీ తమ్ముడి లాంటి
కరుణాకర్

తా.క.: సోమవారం పొద్దున. రాజయ్య తాళ్ల కిందే కూర్చొని రాస్తున్నాను. కవరు ఆయన చేతికి ఇచ్చి, రెండడుగులు వేసి, మళ్లీ వచ్చి అడిగి తీసుకున్నాను. నిన్న ఇన్ని పేజీలు రాసి, రాయాల్సిన మాట ఒక్కటీ రాయలేదు.

ఆ అగ్గిపెట్టె నాది.

ఆ రోజు మొదటి షిఫ్టు. బాయి దిగేముందు జేబులూ సంచులూ వెతికే తలాషీ వరసలో నువ్వు నా ముందున్నావు. ఇంకో ముగ్గురి తర్వాత మన వంతు అనగా నా జేబు తడుముకున్నాను, పొద్దున నీ చుట్ట అంటించిన పెట్టె అందులోనే ఉంది. బాయిలోకి అగ్గి తెస్తూ దొరికితే నౌకరి పోతుంది, వరసలోంచి బయటికి పోతే అందరూ చూస్తారు. నీ సద్ది సంచి నా చేతికి తగులుతూ ఉంది. చేతికి తెలియకుండా జరిగిపోయిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. చేతికి తెలుసు, నాకూ తెలుసు.

విచారణ నాడు నీకు రాయడం రాదని నన్నే కాగితం రాయమన్నావు. “అగ్గిపెట్టె నాదే, మర్శిపోయి తెచ్చిన అని రాయి” అన్నావు. నా మొహం చూసుకుంటూనే అన్నావు. పన్నెండేళ్లు నన్ను అగ్గి అడిగిన మనిషికి అది ఎవరిదో తెలియదా? అప్పుడు భాగ్యకు ఎనిమిదో నెల. ఆ సంగతీ నీకు తెలుసు. నేను రాశాను. ఆ రోజు ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. నువ్వు కింద వేలిముద్ర వేశావు. మర్నాటి నుంచి నీ ఇంటి వైపు రావడానికి నాకు మొహం చెల్లలేదు. మీరు ఊరు విడిచి పోతున్న రోజు తలుపు వేసుకొని ఇంట్లోనే ఉన్నాను. భాగ్యకు కూడా చెప్పలేదు, ఆమె తెలియకుండానే పోయింది.

రాజయ్యా, ఇది నువ్వు చదువుతున్నావు గనక నిన్నే అడుగుతున్నాను. గొంతు తగ్గించకు. అందరికీ వినబడాలి. గట్టమ్మ వదిన అక్కడే ఉంటే ఈ మాట ఇంకోసారి చదువు: వదినా, నువ్వు కుట్టిన సంచిలో నీ మనిషి అగ్గి పెట్టుకోలేదు. నేను పెట్టాను. నువ్వు ఇన్నేళ్లు తిట్టిన తిట్లన్నీ నావి.

పోచన్నా, గనీ సాబ్ పొగాకుతో నేనే చుట్టిన చుట్టలు పది ఈ కవరుతో ఇస్తున్నాను. నీ అంత ఒడుపు లేదు, ఏమనుకోకు. అగ్గి మాత్రం పంపడం లేదు. అది నా జేబులోనే ఉంది. ఐతారం పొద్దున వచ్చి నర్సింహులపేట బస్టాండులో కూర్చుంటాను. చుట్ట తాగబుద్ధయితే వచ్చి అడుగు. రాకపోతే నీ తప్పేం లేదు. సాయంత్రం చివరి బస్సు దాకా ఉంటాను.