ఐదో అధ్యాయంలో బేకరీ ఆవిడ

అమ్మకు,

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ నీ మోకాలూ అక్కడ ఒకరి మాట ఒకరు వింటూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. నాన్న చెవి మెషిన్ పెట్టుకుంటున్నారా, లేక అదింకా డ్రాయరులోనే విశ్రాంతి తీసుకుంటోందా?

నీ ఉత్తరం నిన్న అందింది. ఆఫీసు మెట్ల మీదే కూర్చుని చదివేశాను. నేను పంపిన మూడు పుస్తకాలూ పూర్తి చేశావని చూసి నోరెళ్లబెట్టాను. వాటిని తయారుచేసే మేమే మొత్తం చదవం! పైగా ప్రశ్నలొకటి. వరసగా జవాబులు చెప్తాను, కాచుకో.

విజయం సాధించినవాళ్లంతా పొద్దున్నే ఐదింటికి లేస్తారా అన్నావు. నాకు తెలియదు. ఆ మాట చెప్పిన మా రచయిత సారు మాత్రం తొమ్మిదింటికి లేస్తారు. ఎప్పుడూ ఏడు సూత్రాలే ఎందుకు, ఎనిమిది ఉంటే ఏం పోయింది అన్నావు. ఇదే నేనూ అడిగాను. "ఐదైతే జనం తక్కువిచ్చామంటారమ్మా, పదైతే గుర్తుండవు" అన్నారు సారు, కూరగాయలు తూచినంత ధీమాగా. ఇవి చదివి మనుషులు నిజంగా మారతారా అన్నది మాత్రం నాకూ పెద్ద సందేహమే. ఆరేళ్లుగా మనసు, నాయకత్వం, అలవాట్లు అంటూ పుస్తకం మీద పుస్తకం చేస్తున్నానా, ఒక్కసారైనా కొన్నవాళ్ల ఇంట్లోకి తొంగి చూడాలనిపిస్తుంది. మూడో సూత్రం చదివాక ఆ పెద్దమనిషి ఏం చేశాడు? పెళ్లాంతో మెల్లగా మాట్లాడాడా, లేక కిటికీ తలుపు కొట్టుకోకుండా పుస్తకాన్ని అడ్డం పెట్టాడా?

నా ఉద్యోగం ఏమిటని పక్కింటావిడ అడిగితే "అచ్చుతప్పులు దిద్దుతుంది" అన్నావట. అదొక్కటే కాదమ్మా. సారు మాట్లాడతారు, నేను రాస్తాను. మధ్యలో ఆయన "ఇక్కడో కథ పడాలి" అనేసి టీ తాగడానికి వెళ్లిపోతారు. ఆ కథ నేను వెతకాలి, దొరక్కపోతే అల్లాలి. "నాకు తెలిసిన ఒక మేనేజరు" అని మొదలవుతాయే, ఆ మేనేజర్లలో సగం మంది నా కుర్చీలోనే పుట్టారు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. దాని దగ్గరికి రాలేకే ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

"ఐదో అధ్యాయంలో బేకరీ ఆవిడ నిజంగా ఉందా? తను నింద వేసి పంపేసిన మనిషిని వెతుక్కుంటూ వెళ్లి, పదిమందిలో తప్పొప్పుకుందే, అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? అడ్రసు ఉంటే పంపు, ఉత్తరం రాస్తాను" అన్నావు. కింద చిన్న అక్షరాలతో, "ఇస్త్రీ పిన్ని మార్కెట్ వెనక వీధిలో కుట్టు కొట్టు పెట్టిందట. వచ్చే ఆదివారం వెళ్దామనుకుంటున్నా. బేకరీ ఆవిణ్ణి క్షమించినట్టు నన్నూ క్షమిస్తుందంటావా?" అని రాశావు.

అమ్మా, ఆ బేకరీ ఆవిడవి నువ్వే.

నువ్వు హెడ్డుగా చేసిన ఆసుపత్రి లాండ్రీని బేకరీ చేశాను. దుప్పట్ల బదులు మాడిన బ్రెడ్డు పెట్టాను. నీ తీరు మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. పని మొదలయ్యే ముందు పన్నెండు మంది చేతులూ పట్టి చూసి "కాలిందా? మందు రాశావా?" అని అడిగేదానివి కదా, సారు అది చదివి "ఇదమ్మా నాయకత్వమంటే!" అన్నారు. నాకెంత గర్వంగా అనిపించిందో.

తెల్ల దుప్పట్లు గులాబీ రంగులో బయటికొచ్చిన రోజుని కూడా వదల్లేదు. ఇస్త్రీ బల్ల దగ్గర ఉండే మన ఇస్త్రీ పిన్నే ఆ రోజు ఉతికే మెషిన్ దగ్గర ఉంది. "రంగుబట్ట కలిపేసి, ఇప్పుడు దాన్ని ఎక్కడ దాచావే?" అని అందరి ముందూ నిలదీశావు. ఆవిడ "నేనేం కలపలేదక్కా" అని ఒక్క మాట అని, ఏప్రాను మడతపెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఎంత వెతికినా ఆ రంగుబట్ట దొరకనూ లేదు.

అక్కడిదాకా నిజం. క్షమాపణ నేను అల్లింది. నువ్వు వెళ్లి ఉంటే ఏమయ్యేదో చూడాలని నాకు ఎప్పటినుంచో ఉబలాటం. అందుకే అరపేజీలో పిన్నిని ఏడిపించి, నవ్వించి, మళ్లీ పనిలో చేర్పించేశాను. దాన్ని నమ్ముకుని మాత్రం వెళ్లకు.

ఇక్కడితో ముగించేద్దామని రెండుసార్లు కాగితం మడిచాను. మనసొప్పలేదు.

నాకప్పుడు పదకొండేళ్లు. బడి అయ్యాక లాండ్రీకే వచ్చేదాన్ని కదా. ఆ రోజు ఒక మూల టీచరాట ఆడుతూ నా నోటుపుస్తకాలు నేనే దిద్దుకుంటున్నాను. ఎర్రసిరా సీసా నేల మీద పడి మొత్తం ఒలికిపోయింది. నువ్వు చూస్తే చంపేస్తావని, చేతికందిన దుప్పటితో తుడిచి, తెల్లబట్టల బండి అడుగున కుక్కేశాను. ఉతికితే పోతుందనుకున్నానమ్మా. రంగుబట్ట దొరక్కపోవడం ఏమిటి, అసలు ఉంటేగా దొరకడానికి! పిన్ని ఏప్రాను మడతపెడుతుంటే నేను బల్ల కింద ముడుచుకుని కూర్చున్నాను. ఊరంతా వాగుడుకాయ అనే నేను ఆ ఒక్క మాటా వాగలేకపోయాను. పంతొమ్మిదేళ్లయింది. తప్పొప్పుకోవడానికి ఏడు మెట్లున్నాయని ఊరందరికీ రాసిపెట్టాను, నాకు మొదటి మెట్టే ఎక్కడం చేతకాలేదు. సిగ్గుగా ఉంది.

నీకు నా మీద కోపం వస్తుంది, రానీ. కానీ ఒంటరిగా వెళ్లకు. శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. ముందు నేను మాట్లాడతాను, తర్వాత నువ్వు. సిరా నాది, నింద వేసిన మాట నీది, ఎవరిది వాళ్లం చెప్పుకుందాం. ఆవిడ ఏమంటుందో నిజంగా నాకు తెలియదమ్మా. మొహం మీదే తలుపు వేసినా వేయొచ్చు.

ఇంకొక్క సంగతి. ఆదివారం వద్దు. ఆ రోజు కొట్టు మూసి ఉంటుంది, ఉంటే గింటే ఆవిడ ఒక్కతే ఉంటుంది. మనం ఆవిణ్ణి దోషిని చేసింది పన్నెండు మంది ముందు. సోమవారం, కొట్టునిండా మనుషులున్నప్పుడు వెళ్దాం.

ఇట్లు,
నీ కూతురు