మూడో 'రా'

సంగీత మందిరం మేనేజరు గారికి, వీధి చివర గొడుగులు బాగుచేసే పెద్దాయన ఎవరిచేతా రాయించకుండా తానే రాసుకున్న ఉత్తరం.

పన్నెండేళ్ల కిందట మీ హాల్లో కుర్చీ మేకు నా కోటు చింపింది. పోనీలే అని ఊరుకున్నాను. ఊరుకోవడం నాదే తప్పు. ఈసారి ఊరుకోను.

మొన్న ఆదివారం మీ దగ్గర జాజ్ పాడినావిడంటే నాకు ముప్పై ఏళ్ల అభిమానం. ఆమె రికార్డు మా ఇంట్లో ఉంది. పాట చివర "రా... రా... రా..." అని మూడుసార్లు పిలుస్తుంది. నాకూ మా ఆవిడకీ మాటామాటా వచ్చినప్పుడల్లా అదే పెడతాను. మొదటి రాకి కదలదు. రెండో రాకి గరిట కింద పెడుతుంది. మూడో రాకి వచ్చి పక్కన కూర్చుంటుంది. నేను నోరు తెరవక్కర్లేదు.

ఆదివారం పొద్దున మళ్లీ గొడవ. ఊరందరి గొడుగులూ బాగుచేస్తాను గానీ ఆమె గొడుగుకి ఏడాదిగా చువ్వ మార్చలేదని. హాల్లో మా మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చుంది. నేను మూడో రా కోసం కాచుకున్నాను. మీ గాయని ఒక్కటంటే ఒక్క "రా" అని, నవ్వి లోపలికి పోయింది. మా ఆవిడ ఆ అవతలి కుర్చీలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి రికార్డు పెడితే గోడకేసి చూస్తూ, "అక్కడ ఒకటే కదా. ఈ రెండూ ఎవరివి?" అంది. అంతే, మాటల్లేవు.

మిగతా రెండు రాలు ఏమయ్యాయో తేల్చండి.

ఇట్లు,
గొడుగుల పెద్దాయన

తా.క.: నేను చప్పట్లు కొట్టలేదు.

---

పెద్దాయన గారికి నమస్కారం.

మేకు గురించి విచారించాం. ఆ కుర్చీ ఇప్పుడు లేదు. గాయనిగారినీ అడిగాం. ఆ పాటలో ఎప్పుడూ ఒక్క "రా"యేనట. దయచేసి మీ రికార్డులో గీత ఉందేమో చూసుకోగలరు.

భవదీయుడు,
మేనేజరు

తా.క.: కోటు ఏ రంగు?

---

మేనేజరుకి (గారు ఈసారి లేదు),

గీత ఎవరు? మా రికార్డులో పాడేది ఒక్కతే. మీ ఉత్తరం మా ఆవిడ చేతిలో పడింది. తొమ్మిది రోజుల తర్వాత నోరు విప్పి, మొట్టమొదట అడిగింది గీత ఎవరని. షాపులోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి షాపులోకి తిరుగుతున్నాను. చెయ్యి పని మీద నిలవడం లేదు. ఒక పెద్దమనిషి గొడుగుకి రెండు పిడులు బిగించాను.

ఇట్లు,
గీత ఎవరో తెలియని గొడుగులవాడు

తా.క.: నలుపు. మాట మార్చొద్దు.

---

అయ్యా,

గీత మనిషి కాదు, గీటు. రికార్డు మీద గీసుకుపోయిన చోట ముల్లు ఒకటి రెండుసార్లు వెనక్కి ఎగిరి అదే మాట మళ్లీ పలుకుతుంది. భూతద్దం పెట్టి చూడండి.

భవదీయుడు,
మేనేజరు

తా.క.: గాయనిగారు వచ్చే ఆదివారం మళ్లీ పాడుతున్నారు. మీకు రెండు కుర్చీలు ఉంచాం. పక్కపక్కనే.

---

మేనేజరు గారికి,

చూశాను. వెంట్రుకంత గీటు. యాభై ఏళ్లుగా చేతిపని చేస్తున్నవాణ్ణి, అది దానంతటది పడ్డది కాదు, ఎవరో పనిగట్టుకుని గీసింది. మా ఆవిడ ముందు పెట్టాను.

"నేనే. తలపిన్నుతో," అంది.

రికార్డు కొన్న వారంలోనే గీసిందట. ఒక్క పిలుపుకే వచ్చేస్తే లోకువైపోతానని. అంతకుముందు ఒక్క రా విన్నట్టు నాకు గుర్తే లేదు. అన్నీ తెలిసే గీత ఎవరని నన్ను నిలదీసింది.

"ముప్పై ఏళ్లు ఆవిడచేత పిలిపించారు. ఇక మీరు పిలవండి. మూడుసార్లు," అంది.

నావల్ల కాదు. షాపులో ఎవరూ లేకుండా చూసి ప్రయత్నించాను. ఒకటి వచ్చింది, అదీ దగ్గులా. కాబట్టి ఆదివారం ఆ గాయని మూడుసార్లు అనాలి. అంటుందో అనదో శుక్రవారం సాయంత్రంలోగా రాయండి. అననంటే నాకు సాధనకి శనివారం ఒక్కటే మిగులుతుంది.

ఇట్లు,
గొడుగుల పెద్దాయన

తా.క.: ఆమె గొడుగుకి చువ్వ మార్చాను. జవాబు షాపుకే రాయండి, ఇంటికొద్దు. శుక్రవారం.