కిమ్ పెట్టిన నలుపు

మంగళవారం రాత్రి, ఆల్బనీ

అమెరికాలో అమ్మాయి దగ్గరికి వచ్చాక, ఈ ఊళ్లో నేను నడిచి వెళ్లగలిగే గడప ఒక్కటే, పక్కింటి కిమ్ గ్యారేజీ. అతనూ నా ఈడువాడే. కొరియావాళ్ల పద్ధతిలో వెండి నగలు చేస్తాడు. వెండిని వేడిచేసి, పలచటి బంగారు రేకు పెట్టి, నున్నటి రాయితో రుద్దుతాడు. టంకం లేకుండానే అతుక్కుంటుంది. అతని భాష నాకు రాదు, నాది అతనికి రాదు. రోజూ నాకో స్టూలు వేస్తాడు, కూర్చుంటాను.

నిన్న బంగారు రేకు అతికిన వెండి బిళ్ల ఒకటి చేతిలో పెట్టి, అమ్మాయికి చూపించమని సైగ చేశాడు. "సాఫ్ట్ క్లాత్ ఓన్లీ" అన్నాడు. తలూపాను. అర్థం కాలేదని చెప్పడం నాకు అలవాటు లేదు.

ఇంటికొచ్చి చూస్తే వెండంతా నల్లగా ఉంది. లారీ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి, మసి వదిలించడం నాకు తెలియదా? చింతపండు, పళ్లపొడి వేసి తోమాను. తళతళలాడింది. పొద్దున గొప్పగా తీసుకెళ్లి ఇచ్చాను. కిమ్ అటూ ఇటూ తిప్పి చూశాడు. స్టూలు మడిచేసి షట్టర్ దించాడు.

సాయంత్రం చెబితే అమ్మాయి తల పట్టుకుంది. "నాన్నా! ఆ నలుపు ఆయన కావాలని పెట్టింది, బంగారం కొట్టొచ్చినట్టు కనబడాలని. అంట్లగిన్నెలా తోమేశావా?"

"ఆ సంగతి తెలుగులో ఏడవొచ్చుగా వాడు!" అన్నాను.

నవ్వింది. క్షమించమనడానికి కొరియా సీరియళ్లలో విన్న మాటొకటి తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది. మియాన్‌హమ్నిదా.

ఇందాకట్నుంచి కూడబలుక్కుంటున్నాను. ఆ మాట తెలుగులోనే నా నోట ఎప్పుడూ రాలేదు.

రేపు అతను షట్టర్ తీస్తే చాలు.